కంటి కొసన నిలబడేది

సింగరాయకొండలో సెకండ్ షో చూసి పాకల వైపు సైకిలెక్కితే, దారి పక్కన సరుగుడు తోటలు గాలికి బుసకొట్టేవి. తొక్కుడు తగ్గితే డైనమో దీపం కొడిగట్టేది. సరిగ్గా అప్పుడే కంటి కొసన తెల్లగా ఏదో నిలబడ్డట్టు ఉండేది. తల తిప్పి చూస్తే మాయం. “దయ్యమేరా, చూస్తే పోతుంది” అని వెనక కూర్చున్న బాబాయి తేల్చేసేవారు.

చూస్తే పోవడం మాత్రం నిజమే. మసక వెలుతురును పట్టేవి కంటి లోపలి తెర రెటీనాలోని దండ కణాలు. మన చూపు సూటిగా వాలే నడిమి చోట అవి ఉండవు. అక్కడున్నవన్నీ శంకు కణాలే, వాటికి వెలుతురు దండిగా కావాలి. అందుకే చీకట్లో మసకగా ఉన్నది పక్కచూపుకు చిక్కి, సూటిచూపుకు జారిపోతుంది. పక్కచూపు ‘ఏదో ఉంది’ అంటుంది తప్ప ఏమిటో చెప్పదు. ఆ ఖాళీని మెదడు పూరిస్తుంది, అదీ పిరికిగా. తాడును పామనుకుంటే పోయేది ఒక గెంతు, పామును తాడనుకుంటే ప్రాణం.

1961 నాటి దయ్యాల సినిమా ‘ది ఇన్నోసెంట్స్’ ఆ ఖాళీని ప్రేక్షకుడికే వదిలేసింది. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ కెమెరా ఫిల్టర్ల అంచులకు రంగు పూసి, వెడల్పాటి సినిమాస్కోప్ తెర అంచులను చీకటి చేశాడు. థియేటరులో అది దండ కణాల పని కాదు గానీ, యుక్తి అదే. పట్టపగలు చెరువు అవతల జమ్ములో నల్లబట్టల స్త్రీ ఊరకే నిలబడే దృశ్యం మరీ ఘోరం. ఆమె ఏమీ చేయదు.

‘ది హాంటింగ్’ (1963)లో దయ్యం అసలు కనిపించదు. తలుపు లోపలికి ఉబ్బుతుంది, అంతే. మన ‘రాత్రి’ (1992) కూడా కెమెరా కదలికతో, శబ్దంతోనే సగం పని కానిచ్చింది. నెత్తురు ధారలు కట్టే సినిమాలు నన్ను భయపెట్టవు, భోజనం మాత్రం మానిపిస్తాయి.

ఒక్కటే చూసే తీరిక ఉంటే 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ చూడండి. రాత్రివేళ ఒంటరిగా ఒక యువతి నడుస్తుంటే వెనక మరో జత అడుగుల చప్పుడు. అది ఆగిపోతుంది. నిశ్శబ్దం. హఠాత్తుగా చిరుత బుస! తీరా చూస్తే అది బస్సు బ్రేకు. చీకట్లో మనిషి ఉలికిపాటు పెరుగుతుందని పరిశోధకులు కనురెప్పపాటును కొలిచి మరీ తేల్చారు. కాబట్టి దీపాలు ఆర్పాలి.

మొన్న బాబాయికి ఆ సినిమా అలాగే చూపించాను. బస్సు రాగానే ఆయన లేచి ట్యూబులైటు వేశారు.