కోటలో పుట్టిన పాట వీధిలోకి వచ్చింది

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు మన విజయనగరం సంగీత కళాశాల ముందు ఆగి, "రాజులు యుద్ధాలు చేస్తారు కదా తాతయ్యా, పాటల బడి ఎందుకు పెట్టారు?" అని అడిగారు. పైడితల్లి జాతరలో సిరిమాను చూడటానికి వచ్చిన ఆ జనంలో మీ చేతులు వదలకుండా పట్టుకోవడమే సరిపోయింది, జవాబు చెప్పే వీలు చిక్కలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మన రాజులూ యుద్ధాలు చేశారు. 1757లో బొబ్బిలి మీద, 1794లో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనల మీద. ఆ రెండో యుద్ధంలో చిన విజయరామరాజుగారు నేలకొరిగారు. అక్కడితో కత్తికి పని తప్పింది. దొరలకు ఏటా పేష్కషు, అంటే కప్పం, కట్టే జమీందారీ మాత్రం మిగిలింది. అటువంటప్పుడు చేతిలో ఉన్న డబ్బునూ పొద్దునూ దేనికి వెచ్చించారన్నదాన్ని బట్టే నేను రాజులను తూకం వేస్తాను.

ఆ తూకంలో నాకు అందరికంటే బరువుగా తోచేది ఆనంద గజపతి. 1850లో పుట్టి, 1879లో తండ్రిగారి తరువాత గద్దెకు వచ్చి, 1897లో కన్నుమూశారు. అంటే ఏలుబడి పద్దెనిమిదేళ్లే. ఆ కొద్దికాలంలోనే గురజాడ అప్పారావుగారిని చేరదీశారు. 'కన్యాశుల్కం' నాటకాన్ని 1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయినప్పుడు గురజాడ దాన్ని ఆయనకే అంకితమిచ్చారు. సాయణాచార్యుల వ్యాఖ్యానంతో కూడిన ఋగ్వేదాన్ని జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ ఇంగ్లండులో రెండోసారి అచ్చు వేయించినప్పుడు ఖర్చు భరించినదీ ఆయనే. అయితే మీరు అడిగింది పాట గురించి కాబట్టి అక్కడికి వస్తాను.

ఆ కొలువులో వీణకు పెద్దపీట. వాసా వంశంవారు తరతరాలుగా వీణనే నమ్ముకొని బతికిన వైణికులు. వీణ వెంకటరమణదాసుగారు సంస్థాన విద్వాంసులుగా పేరు పొందారు. వీణను మీరు దూరం నుంచే చూశారు. దండి మీద ఇరవై నాలుగు మెట్లుంటాయి. వాటిని మేకులతో బిగించరు, మైనంలో బొగ్గుపొడి కలిపి ఆ ముద్దలో నిలబెడతారు. ఎండలకు మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, మెట్టు జరిగితే స్వరం తప్పుతుంది. అప్పుడు మళ్లీ మేళం కట్టాలి, అంటే మెట్లను స్వరానికి సరిగ్గా కుదిర్చి నిలబెట్టాలి. ఇంత సుకుమారమైన వాయిద్యం వాయించేవాడికి నెల తిరిగేసరికి బియ్యానికి వెతుక్కునే అవస్థ ఉంటే సాధన ఎలా సాగుతుంది? విద్వాంసుడికి రాజు ఇచ్చేది అన్నిటికన్నా ముందు ఆ నిశ్చింత. ఒకప్పుడు మనతో యుద్ధం చేసిన బొబ్బిలివారూ వీణనే పెంచి పోషించారు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఇప్పటికీ పనస మాను తొలిచి వీణలు చేస్తున్నారు.

ఆనంద గజపతి ఆదరించినవారిలో ఆదిభట్ల నారాయణదాసుగారు ఉన్నారు. బలిజిపేట దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టారు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఒక్కరే నిలబడి పాట, మాట, ఆట, పద్యం అన్నీ కలిపి కథ నడిపించేవారు. హరికథకు ఆయనను పితామహుడన్నారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల – ఐదింటితో ఐదు తాళాలు చూపేవారని పెద్దలు చెప్పేవారు.

కానీ పిల్లలూ, కొలువులో ఒక లోటుంది. అక్కడి పాట రాజుగారి చెవిని నమ్ముకొని బతుకుతుంది. ఆయన పోతే ఏమిటి గతి? 1897 తరువాత సంస్థానం దత్తత తగాదాలలో, దావాలలో ఏళ్ల తరబడి నలిగింది. అందుకే దత్తతతో వచ్చిన విజయరామ గజపతి 1919లో చేసిన పనిని నేను ఇంకా పెద్దదిగా చూస్తాను. కొలువు ఉద్యోగి ఒకరు, చూపులేని తన కొడుకుకు సంగీతం నేర్పించడానికి సాయం కోరారట. ఒక్క పిల్లవాడి కోసం అడిగితే రాజుగారు ఊరంతటికీ బడి పెట్టారని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. అదే విజయరామ గానపాఠశాల, మీరు చూసిన కళాశాల. మొదటి అధ్యక్షులు నారాయణదాసుగారే.

ఆ ఏడాదే వయొలిన్ నేర్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు నిండలేదు. ఆయనకూ చూపు బాగా తక్కువ, చిన్నప్పుడు అందుకే బడి చదువు ఆగిపోయింది. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. చూపులేని ఒక పిల్లవాడి కోసం తెరిచిన వాకిట్లోకి ఆ చూపు మందగించిన గురువు రావడం తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఘంటసాల ఈ ఊరు వచ్చేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తి కడుపు నింపుకొని, ఈ బడిలో గాత్రం నేర్పే పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నారు. కోట గుమ్మం ముందు నిలబడితే ఆ కుర్రవాణ్ని లోపలికి రానిచ్చేవారో లేదో! బడి రానిచ్చింది. ఆయనకు అన్నం పెట్టిన ఆ తల్లులకు, ఈ కుర్రవాడి గొంతు రేపు ప్రతి ఇంటి రేడియోలో వినిపిస్తుందని ఏం తెలుసు?

నారాయణదాసుగారి ఐదు తాళాలు మనకు అందవు గాని, రెండింటితో ప్రయత్నించండి. కుడిచేత్తో ఎనిమిది దెబ్బల ఆదితాళం, ఎడమచేత్తో మూడు దెబ్బల రూపకం ఒకేసారి మొదలుపెట్టండి. రెండు చేతులూ ఒకే వేగంతో నడిస్తే ఇరవై నాలుగో దెబ్బకు రెండు తాళాలూ ఒక్కసారే ముగుస్తాయి. ఎన్నో దెబ్బ దగ్గర చెయ్యి తడబడిందో నాకు రాయండి.

మీ తాతయ్య
విజయనగరం