ఖాళీ పోస్టు, ఖర్చుకాని డబ్బు: అమెరికాలో ఒక పాత తగాదా

1981 జనవరి 20న రోనాల్డ్ రీగన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. క్యాపిటల్ భవనం నుంచి బయటికి రాకముందే ఒక మెమో మీద సంతకం పెట్టారు: ఫెడరల్ ప్రభుత్వంలో సివిలియన్ ఉద్యోగాల భర్తీ ఆపేయాలి. కొద్దిరోజుల్లోనే దాన్ని వెనక్కి జరిపి 1980 నవంబర్ 5 నుంచి, అంటే ఎన్నిక జరిగిన మర్నాటి నుంచే అమలన్నారు. ఆ రెండున్నర నెలల్లో ఉద్యోగం వచ్చిందని కబురందుకుని, ఉన్న పని మానేసి, ఇల్లు మారినవాళ్లున్నారు. వాళ్లు కోర్టుకెళ్లారు. నియామకం పూర్తికానివాళ్లకు ఆ ఉద్యోగం మీద హక్కు లేదని 1981లోనే అప్పీల్ కోర్టు తేల్చింది. చట్టం అలాగే ఉందేమో గానీ, వాళ్లకు జరిగింది మాత్రం అన్యాయమే.

కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం చేసి ఇస్తే తప్ప ఖజానా నుంచి పైసా తీయకూడదని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. అయితే జీతాల డబ్బు ఎక్కువగా ఒక్కో శాఖకు ఒకే పద్దు కింద వస్తుంది. ఎంతమందిని ఎప్పుడు తీసుకోవాలో చాలావరకు శాఖలకే వదిలేస్తారు. అధ్యక్షుడి చేయి పడేది అక్కడే.

భర్తీకి అడ్డుకట్ట వేసింది అధ్యక్షులు మాత్రమే కాదు. 1968లో పన్ను పెంపుకు ఒప్పుకుంటూ కాంగ్రెసే ఆ షరతు పెట్టింది: నాలుగు ఖాళీలొస్తే మూడే నింపాలి, సిబ్బంది సంఖ్య 1966 జూన్ స్థాయికి దిగాలి. మరుసటి ఏడాదే ఆ నిబంధనను ఎత్తేశారు.

కాంగ్రెస్ ఇచ్చిన డబ్బును అధ్యక్షుడు ఖర్చు చేయకుండా ఆపొచ్చా అన్న అసలు గొడవ అధ్యక్షుడు నిక్సన్ కాలంలో ముదిరింది. 1972లో నీటి కాలుష్య నివారణ బిల్లును ఆయన వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చి చట్టం చేసింది. అయినా తొలి రెండేళ్లకు చట్టంలో ఉన్న 1,100 కోట్ల డాలర్లలో 500 కోట్లే రాష్ట్రాలకు పంచారు. మిగతాది పంచాల్సిందేనని 1975లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఈలోగా 1974 జులైలో కొత్త చట్టం వచ్చింది. ఏదైనా కేటాయింపు రద్దు కావాలంటే అధ్యక్షుడు కాంగ్రెస్‌ను అడగాలి. 45 రోజుల్లో కాంగ్రెస్ ఒప్పుకోకపోతే ఆ డబ్బు విడుదల చేయాలి.

పోస్టుల భర్తీ ఆపడం మాత్రం పరిపాలన వ్యవహారంలాగే చెలామణి అయింది. రీగన్‌కు ముందు అధ్యక్షుడు కార్టర్ 1977, 1978, 1980లలో మూడుసార్లు ఆపారు. ఆ మూడింటినీ, రీగన్ ఆర్డర్‌నూ కాంగ్రెస్ ఆడిట్ సంస్థ జీఏఓ పరిశీలించి 1982లో రిపోర్టు ఇచ్చింది. మొత్తం ఉద్యోగుల సంఖ్య పెద్దగా తగ్గలేదు. డబ్బు మిగిలిందో లేదో లెక్క తేలలేదు. ఏ శాఖలో పని ఎంతుందో చూడకుండా అందరికీ ఒకే తాళం వేయడంతో పనులు ఆగాయి, కొన్నిచోట్ల ఖర్చు పెరిగింది కూడా. సీటు ఖాళీగా ఉన్నంత మాత్రాన పని తగ్గదు కదా. ఓవర్‌టైమ్, కాంట్రాక్టులు ఆ చోటు నింపుతాయి. ఇంత స్పష్టంగా రాసిన రిపోర్టు చేతిలో ఉండగా ట్రంప్ 2017 జనవరిలో మళ్లీ అదే మెమో ఇచ్చారు, ఏప్రిల్‌లో ఎత్తేశారు. 2025 జనవరి 20న ఇంకోటి ఇచ్చి, ముందు జులై దాకా, తర్వాత అక్టోబర్ దాకా పొడిగించారు.

ఆ ఏడాదే 1974 చట్టంలోని సందును కూడా వాడుకున్నారు. ఆగస్టు చివర్లో ట్రంప్ ప్రభుత్వం విదేశీ సాయంలో సుమారు 490 కోట్ల డాలర్లు రద్దు చేయమని కాంగ్రెస్‌ను అడిగింది. అమెరికా ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. 45 రోజుల గడువు ఆ తేదీని దాటిపోతుంది కాబట్టి, కాంగ్రెస్ ఏమీ చేయకపోయినా డబ్బు దానంతటదే మురిగిపోతుంది. ఆ డబ్బు ఖర్చు చేయాల్సిందేనంటూ వేసిన కేసు నడుస్తుండగా అందులో 400 కోట్లను ఆపి ఉంచడానికి సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు అనుమతించింది. నింపని పోస్టు జీతానిదీ ఇదే దారి. ఏడాది పద్దులో ఇచ్చిన సొమ్ము సెప్టెంబర్ 30 దాటితే కొత్త నియామకానికి పనికిరాదు. దానికైతే 45 రోజుల నోటీసు కూడా ఎవరూ పంపరు.