మోటారుకు కాలి బలం తెలిసేదెలా: ఓ ఇరుసు వెనుక కథ

ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నవాళ్లు చాలామంది చెప్పే ఫిర్యాదు ఒకటే, నాదీ అదే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఊపిరి అందనంతగా తొక్కినా మోటారు ఇచ్చేది ఇస్తుంది, అంతకుమించి ఇవ్వదు. అదే సిగ్నల్ దగ్గర కాలు ఊరికే అలా తిప్పామో లేదో ఒక్కసారిగా ముందుకు లాగేస్తుంది. ముందున్న ఆటోని గుద్దబోయి ఆగిన రోజు నాకూ ఉంది. బండిలో లోపమేమీ లేదు. పెడల్ ఇరుసు పక్కన ఓ చిన్న ప్లాస్టిక్ బిళ్ల, దాని చుట్టూ బుల్లి అయస్కాంతాలు, ఎదురుగా అయస్కాంతాన్ని పసిగట్టే ఓ హాల్ సెన్సర్ ఉంటాయి. పెడల్ తిరుగుతోందా లేదా అన్నది ఒక్కటే దానికి తెలుసు. ఎంత బలంగా తొక్కుతున్నామో తెలియదు, కాబట్టి మోటారుకూ తెలియదు.

బలం తెలియాలంటే టార్క్ సెన్సర్, అంటే మెలితిప్పే బలాన్ని కొలిచేది కావాలి. అది జపాన్‌లో మొదటి నుంచీ ఎందుకు ఉంది, మన చవక బళ్లలో ఎందుకు ఉండదు అని తవ్వుతూ పోతే నాకు ముందు తగిలింది ఇంజనీరింగ్ కాదు, చట్టం.

1993లో యమహా 'పాస్' అనే సైకిల్ తెచ్చింది. కాలికి తోడు మోటారు సాయం చేసే సైకిళ్లకు మార్కెట్ మొదలైంది దాంతోనే. అది మోపెడ్ కింద లెక్కపడితే లైసెన్సు కావాలి, హెల్మెట్ కావాలి, అప్పుడిక ఎవరు కొంటారు? సైకిల్‌గానే ఉండాలంటే జపాన్ ప్రభుత్వం పెట్టిన షరతు ఇది: మోటారు బలం మనిషి బలాన్ని మించకూడదు. గంటకు 15 కి.మీ. దాకా ఒకటికి ఒకటి, అక్కడి నుంచి తగ్గుతూ 24 కి.మీ. దగ్గర సున్నా. 2008లో దీన్ని సడలించి, 10 కి.మీ. దాకా ఒకటికి రెండు చేశారు. 'ఒకటికి రెండు' అని రూల్‌లో రాసేశాక ఆ ఒకటి ఎంతో కొలవక చస్తామా! జపాన్ బండిలో టార్క్ సెన్సర్ హంగు కోసం పెట్టింది కాదు, అది లేకపోతే బండి రోడ్డెక్కదు.

తొలినాళ్లలో కొలిచింది మెకానికల్‌గానే. కాలి బలం ఓ స్ప్రింగును నొక్కుతుంది, అది ఎంత నలిగిందో పొటెన్షియోమీటర్, అంటే జరిగే కొద్దీ నిరోధం మారే భాగం, చెబుతుంది. పని చేస్తుంది కానీ రుద్దుకునే భాగం ఏదైనా అరుగుతుంది, సైకిలేమో వానలో తడుస్తుంది, దుమ్ము మింగుతుంది. ఇంకో దారి స్ట్రెయిన్ గేజ్. 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు ఎవరికి వారు కనిపెట్టిన ఈ అతుకు సెన్సర్, అంటించిన లోహం సాగితే తన విద్యుత్ నిరోధం మార్చుకుంటుంది. జర్మనీలో ఉల్రిష్ షోబరర్ 1986లో మొదలుపెట్టిన ఎస్‌ఆర్‌ఎమ్ కంపెనీ పవర్ మీటర్లు, అంటే తొక్కే శక్తిని కొలిచేవి, దీంతోనే పని చేస్తాయి, పెద్ద పెద్ద రేసర్లు వాడారు. చిక్కేమిటంటే ఈ గేజ్ తిరిగే భాగానికి అతుక్కుని ఉంటుంది. దానికి కరెంటు ఇవ్వాలి, అది చెప్పేది బయటికి తేవాలి, అంటే తిరిగే భాగానికి రుద్దుకుంటూ కరెంటు అందించే స్లిప్ రింగులైనా ఉండాలి, వైర్‌లెస్ అయినా ఉండాలి. రేసు సైకిల్‌కి సరే, పిల్లల్ని స్కూల్లో దింపే సైకిల్‌కి ఇంత ఖర్చెందుకు?

తాకకుండా కొలిచే దారి ఇనుములోనే ఉంది, అదీ చాలా పాత సంగతి. 1842లో మాంచెస్టర్‌లో జూల్, అవును ఎనర్జీ యూనిట్ పేరున్న ఆ జూలే, ఇనుప కడ్డీని అయస్కాంతంగా మారిస్తే దాని పొడవు పిసరంత మారుతుందని గమనించాడు. మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ రాత్రిపూట 'మ్‌మ్' అంటూ మూలుగుతుంటుందే, అందులో పెద్ద వాటా దీనిదే. కరెంటు ఊగినప్పుడల్లా లోపలి ఇనుప రేకులు సాగి ముడుచుకుంటాయి. 1865లో ఇటలీవాడు విల్లారి దీన్ని తిరగేశాడు: ఇనుమును సాగదీసినా నొక్కినా దాని అయస్కాంత గుణం మారుతుంది. పెడల్ ఇరుసు మీద కాలు వేసినప్పుడు జరిగేది ఈ రెండోదే.

ఇరుసును సాగదీయట్లేదు కదా, మెలితిప్పుతున్నాం కదా అంటారా? ఓ సుద్దముక్క తీసుకుని రెండు చివర్లా పట్టుకుని వంచకుండా మెలితిప్పండి. అది అడ్డంగా విరగదు, 45 డిగ్రీల వాలులో మరమేకు చుట్టులా తెగుతుంది. మెలి తిరిగే ఏ కడ్డీలోనైనా ఒక ఏటవాలు దిశలో లాగుడు, దానికి అడ్డంగా ఉన్న ఏటవాలు దిశలో నొక్కుడు ఉంటాయి. సుద్ద లాగుడుకు ఆగలేక ఆ వాలులో తెగిపోతుంది. ఉక్కు తెగదు, కానీ లోపలి అయస్కాంత దిశలు ఆ వాలు వైపు కాస్త ఒరుగుతాయి.

ఈ ఒరగడాన్ని పట్టుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో ఇరుసు చుట్టూ కాయిల్స్ పెట్టి, ఏటవాలు దిశల్లో అయస్కాంత రేఖలకు దారి ఎంత సులువైందో, ఎంత కష్టమైందో తేడా చూస్తారు. దీనికి కాయిల్స్‌లో నిత్యం కరెంటు పోవాలి. రెండోదే నాకు అందంగా అనిపిస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇవాన్ గార్షెలిస్ 1992లో రాసిన పేపర్ దీనికి పెద్ద మలుపు. ఆయన నికెల్ కలిసిన గట్టి ఉక్కు రింగును షాఫ్టు (ఇరుసు) మీద బిగించి, దాన్ని చుట్టూతా, చేతి గాజులా, గుండ్రంగా అయస్కాంతీకరించాడు. రేఖలు గుండ్రంగా తమలో తాము కలిసిపోతాయి కాబట్టి బయటికి ఏమీ కనబడదు. షాఫ్టు మెలిపడగానే గాజు కాస్తా స్ప్రింగు చుట్టలా వాలుతుంది, రేఖలు అంచుల దగ్గర బయటికి తొంగిచూస్తాయి. పక్కన, తాకకుండా పెట్టిన సెన్సర్ ఆ తొంగిచూపును కొలుస్తుంది. మెలి అటు తిప్పితే ప్లస్, ఇటు తిప్పితే మైనస్. తిరిగే భాగంలో వైరు లేదు, బ్యాటరీ లేదు, అతుకు లేదు. తర్వాత రింగు కూడా వద్దని షాఫ్టునే అయస్కాంతీకరించేవాళ్లు వచ్చారు. జర్మనీలో మ్యూనిక్ దగ్గరి ఎన్‌సీటీఈ అనే కంపెనీ సైకిళ్లకూ ఇలాంటివి చేసింది.

పేపర్ మీద ఇంత బాగుంది, సైకిల్ దగ్గరికి వచ్చేసరికి తిప్పలు మొదలు. 75 కిలోల మనిషి 17 సెం.మీ. క్రాంక్ (పెడల్‌ని ఇరుసుకు కలిపే కమ్మీ) మీద పూర్తిగా నిలబడితే టార్క్ సుమారు 125 న్యూటన్ మీటర్లు. అదే మనిషి నిమిషానికి 60 చుట్లతో తీరిగ్గా 100 వాట్లు తొక్కితే సగటున 16. నేను లెక్కేసి చూశాను: 17 మి.మీ. లావు ఉక్కు ఇరుసు 5 సెం.మీ. పొడవులో, మనిషి నిలబడినా కూడా అర డిగ్రీకి కాస్త ఎక్కువగా మెలిపడుతుంది, తీరిక తొక్కుడుకైతే డిగ్రీలో పదో వంతు కూడా ఉండదు. ఇరుసు సన్నం చేస్తే సిగ్నల్ పెరుగుతుంది, కానీ గుంతలో దిగినప్పుడు ఉక్కు శాశ్వతంగా మెలిపడిందంటే సెన్సర్ సున్నా అక్కడికి చెల్లు.

ఇంతకన్నా పెద్ద చిక్కు మామూలు సైకిల్‌లోనే దాగుంది. చైన్ వీల్ కుడి క్రాంక్‌కే బిగించి ఉంటుంది కదా, కుడికాలు తొక్కిన బలం ఇరుసులోకి పోకుండానే తిన్నగా చైన్‌కి పోతుంది. ఇరుసును మెలితిప్పేది ఎడమకాలు మాత్రమే. అంటే ఇరుసు మీద సెన్సర్ పెడితే మనిషిలో సగమే కనిపిస్తాడు. ఎడమది కొలిచి రెండుతో గుణిస్తే సరిపోదా అంటే, కాలు బెణికినవాడి సంగతి ఏమిటి, ఒక్క కాలితో తోస్తూ బండి మొదలుపెట్టేవాడి సంగతి ఏమిటి? దీనికి దొరికిన మంచి ఉపాయం గొట్టం. ఇరుసు మీద బోలు గొట్టం తొడిగి, చైన్ వీల్‌ని క్రాంక్ నుంచి తీసి ఆ గొట్టం చివర బిగిస్తే రెండు కాళ్ల బలమూ గొట్టం గుండానే చైన్‌కి చేరుతుంది. కొలిచేది ఆ గొట్టం మెలిని.

ఇక భూమి కూడా ఓ అయస్కాంతమేనాయె, మనం కొలిచే తొంగిచూపు కూడా చిన్నదే. అందుకే గొట్టం మీద రెండు పట్టీలు వేస్తారు, ఒకటి గడియారం దిశలో, ఒకటి వ్యతిరేక దిశలో అయస్కాంతీకరించి. మెలిపడితే ఒకటి ప్లస్ ఇస్తే ఇంకొకటి మైనస్ ఇస్తుంది. భూమి ప్రభావం మాత్రం రెంటి మీదా ఒకేలా పడుతుంది, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే అది కొట్టుకుపోతుంది. పక్కనే ఉన్న మోటారు అయస్కాంతాలు ఇంత మర్యాదస్తులు కాదు. వాటి ప్రభావం రెండు పట్టీల మీద సమానంగా పడదు కాబట్టి తీసివేతకు లొంగదు, కవచం కట్టాల్సిందే. ఉక్కు అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి టార్క్ లేకపోయినా చుట్టు చుట్టుకీ రీడింగు ఊగుతుంది, అదో గోల. 2011 మోడళ్లతో సైకిల్ మోటార్లలోకి దిగిన జర్మనీ కంపెనీ బాష్, టార్క్, పెడల్ వేగం, బండి వేగం మూడూ సెకనుకు వెయ్యిసార్లకు పైగా చూస్తామని గొప్పగా చెప్పుకుంటుంది. ఈ తంటాలన్నీ గుర్తొస్తే ఆ గొప్ప కాస్త అర్థమవుతుంది.

కొన్ని బళ్ల మాన్యువల్‌లో 'స్విచ్ వేసేటప్పుడు పెడల్ మీద కాలు పెట్టొద్దు' అని ఉంటుంది, చాలామంది పట్టించుకోరు. స్విచ్ వేసిన క్షణంలో కనబడిన రీడింగునే అది సున్నా అనుకుంటుంది. అప్పటికే కాలి బరువు దాని మీద ఉంటే, ఆ తర్వాత దారంతా మన బలం అంత మేర తక్కువగా లెక్కపడుతుంది.

యూరప్ చట్టం జపాన్ అంత కచ్చితంగా అడగలేదు. 250 వాట్లు, 25 కి.మీ. దగ్గర మోటారు ఆగాలి, తొక్కడం ఆపితే ఆగాలి, అంతే. తిరుగుడు సెన్సర్‌తోనూ అక్కడ చట్టం గట్టెక్కుతుంది. అయినా టార్క్ సెన్సర్ నిలదొక్కుకుందంటే అది తొక్కేవాళ్ల కాళ్లు అడిగి తెచ్చుకున్నదే. మన మోటారు వాహనాల నిబంధనలు ఇంకా సులువు: 0.25 కిలోవాట్ లోపు, 25 కి.మీ. లోపు, బ్యాటరీ కాకుండా 60 కిలోలు మించకపోతే అది మోటారు వాహనం కిందే రాదు. తొక్కాలన్న షరతే లేదు, త్రాటిల్ తిప్పుకుంటూ పోవచ్చు. అడగని బలాన్ని ఎవరు కొలుస్తారు చెప్పండి, కొన్ని వందల్లో దొరికే బిళ్ల సెన్సర్ ఉండగా!

కొనేముందు షాపులో తేల్చుకోవడం మాత్రం తేలికే. చదును రోడ్డు మీద అన్నిటికన్నా తేలిక గేరులో వేసి, కాళ్లకు బరువే తగలకుండా గాల్లో తిప్పినట్టు పెడల్ తిప్పండి. మోటారు అదే జోరుతో లాగుతుంటే అందులో ఉన్నది బిళ్ల, మెల్లగా వెనక్కి తగ్గితే లోపలెక్కడో ఓ మెలిపడే ఉక్కు ఉన్నట్టు.