మైలుతుత్తంలో నీళ్ళు ఎక్కడుంటాయి?

"రాగి తీగనే సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చేయొచ్చు కదా, లేబ్‌లో నల్లటి కాపర్ ఆక్సైడ్ ఎందుకు వాడతారు?" అని ఒక పదో తరగతి అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. నీళ్ళు కలిపి పలుచన చేసిన ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను వెళ్ళగొట్టే శక్తి రాగికి లేదు. గాఢ ఆమ్లంలో వేసి కాస్తే కరుగుతుంది గానీ, సగం ఆమ్లం సల్ఫర్ డయాక్సైడ్‌గా పోయి గొంతు మండిస్తుంది. ఆక్సైడ్‌తో ఆ గొడవ లేదు. లవణం, నీళ్ళు, అంతే. ఇనుముకు రాగికన్నా చర్యాశీలత, అంటే చర్యలో పాల్గొనే చురుకు, ఎక్కువ. అందుకే నీలి మైలుతుత్తం ద్రావణంలో ముంచిన మేకుకు రాగి పూత పడుతుంది. ఇనుమే రాగిగా మారిందని పూర్వం రసవాదులు నమ్మారు. నిజానికి ఇనుము ద్రావణంలోకి వెళ్ళి, రాగి బయటికొస్తుంది.

వేడి ఆమ్లంలో ఆక్సైడ్‌ను కొద్దికొద్దిగా, ఇక కరగక అడుగున మిగిలేదాకా వేసి వడకట్టాలి. ఆమ్లం మిగిలిపోతే చిక్కే. నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లం 300 దాటితే గానీ మరగదు. ద్రావణాన్ని కాచేకొద్దీ ఆమ్లం గాఢమై స్ఫటికాలకు అంటుకుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి స్ఫటికాల్లో నీళ్ళుండటం. ద్రావణాన్ని పూర్తిగా ఇగరబెట్టకుండా, చిక్కబడ్డాక దించి చల్లార్చాలి. 80 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో సుమారు 55 గ్రాముల కాపర్ సల్ఫేట్ కరిగితే, 20 డిగ్రీల దగ్గర సుమారు 20 గ్రాములే కరుగుతుంది. మిగతాది స్ఫటికమవుతూ నీటినీ తనలో కలుపుకుంటుంది. ఒక్కో రాగి అయాన్‌కు (విద్యుదావేశం ఉన్న రాగి పరమాణువుకు) ఐదు నీటి అణువులు. నాలుగు దాని చుట్టూ ఒకే తలంలో చేరతాయి, పైనా కిందా సల్ఫేట్ ఆక్సిజన్లు ఉంటాయి. ఐదో అణువు రాగిని తాకదు, హైడ్రోజన్ బంధాలతో సల్ఫేట్లను పట్టుకుని ఉంటుంది. అందుకే వేడిచేస్తే ఆఖరున పోయేది అదే.

నీలం రంగు ఈ అమరికదే. రాగికి అతుక్కున్న నీటివల్ల అయాన్ ఎరుపు వైపు కాంతిని పీల్చుకుంటుంది. నీరు పోతే ఆ పీల్చుకోవడం కంటికి కనిపించని పరారుణ కాంతిలోకి జరిగి పొడి తెల్లబడుతుంది. బళ్ళో ఈ రంగు మార్పు చూపించి వదిలేస్తారు, తూకం కూడా వేయించాలి. 2.5 గ్రాముల స్ఫటికాలు సుమారు 1.6 గ్రాముల పొడి అవుతాయి. ఆ తేడా అంతా నీరే. ఆ తెల్ల పొడిని స్పిరిట్‌లో వేస్తే, అందులో నీరు కలిసి ఉంటే నీలంగా మారి పట్టిచ్చేస్తుంది.