వంటలక్క ఎప్పుడు వెళ్లిపోవాల్సింది?

2022 మార్చిలో 'కార్తీకదీపం' సీరియల్ తన జంటని, డాక్టర్ బాబు అనే కార్తీక్‌నీ వంటలక్క అనే దీపనీ, కారు ప్రమాదంలో చంపేసింది. మా పక్కింటి పెద్దావిడ రోజూలాగే కంచంలో అన్నం కలుపుకుని టీవీ ముందు కూర్చుంది. ప్రమాదం చూశాక ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. "వాళ్లు పోయారు సరే, ఆ పిల్లలిద్దర్నీ ఇప్పుడెవరు చూస్తారు?" అంది. ఆవిడకి ఆ బెంగ అక్కర్లేకుండా, కొద్ది రోజులకే పిల్లలిద్దరూ పెళ్లీడుకి వచ్చేశారు.

సీరియల్ వాళ్లు దీన్ని లీప్ అంటారు. కథ కొన్నేళ్లు ముందుకు దూకుతుంది. హిమగా కీర్తి భట్, శౌర్యగా అమూల్య గౌడ వచ్చారు. వాళ్ల నటన బాగాలేదని ఎవరూ అనలేదు. కానీ జనం చూడటం తగ్గించారు, రేటింగ్ జారింది. ఆ ఏడాది గడవకుండానే దీప కోమాలోంచి లేచింది. తర్వాత డాక్టర్ బాబు కూడా బతికే ఉన్నాడని తేలింది, కాకపోతే గతం మర్చిపోయి విలన్ మోనిత చేతిలో ఉన్నాడు. మన సీరియళ్లలో గోడ మీది ఫొటోకి దండ పడేదాకా మనిషి పోయినట్టు కాదు, పడినా అంత ఖాయమేమీ కాదు. చివరికి 2023 జనవరి 23న, 1,569 ఎపిసోడ్ల దగ్గర కథ ఆగింది. ఎపిసోడ్‌కి ఇరవై నిమిషాలే లెక్కేసినా 520 గంటల పైమాట. రెండున్నర గంటల సినిమాలు రెండొందలకు పైగా అన్నమాట.

అన్ని గంటలు ఒకే మొహాన్ని చూశాక ఆ మొహాన్ని తీసేయొచ్చా? తీసేస్తే ఎప్పుడు? ఈ ప్రశ్న 'కార్తీకదీపం'తో పుట్టలేదు.

దూరదర్శన్ రోజుల్లో దీనికి అవకాశమే తక్కువ. సీరియల్ అంటే వారానికొకటి చొప్పున పదమూడు ఎపిసోడ్లు, పొడిగింపు దొరికితే ఇంకొన్ని. 1987లో మొదలైన 'రామాయణ్' 52 ఎపిసోడ్లనుకుని 78కి వెళ్తేనే పెద్ద విశేషం. నటుడికి విసుగొచ్చేలోపే కథ అయిపోయేది. మన ఇళ్లలో అసలు మార్పు తెచ్చింది డైలీ సీరియల్. ముగింపు ఎప్పుడో ముందే అనుకోకుండా కథ మొదలుపెట్టడం అక్కడే అలవాటైంది.

2000 జులై 3న స్టార్ ప్లస్‌లో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' మొదలైంది. అందులో తులసి భర్త మిహిర్‌గా అమర్ ఉపాధ్యాయ్ వేశాడు. ఏడాది తిరక్కముందే మిహిర్‌ని ప్రమాదంలో చంపేశారు. దేశమంతా గగ్గోలెత్తింది. నిర్మాతలు దిగొచ్చి మిహిర్‌ని బతికించారు. తర్వాత అమర్ తనే తప్పుకుంటే ఇందర్ కుమార్, ఆ తర్వాత రోనిత్ రాయ్ ఆ పాత్రలోకి వచ్చారు. రోనిత్‌ని జనం మిహిర్‌గా ఒప్పేసుకున్నారు కూడా. అంటే మొహం మారితే సర్దుకున్నారు, పాత్ర పోతే మాత్రం ఊరుకోలేదు. తులసి విషయంలో అదీ కుదరలేదు. 2007లో స్మృతి ఇరానీ వెళ్లిపోయాక గౌతమీ కపూర్ ఆ చీర కట్టుకుంది. మరుసటి ఏడాది స్మృతినే వెనక్కి తెచ్చారు. 2008 నవంబరులో, 1,833 ఎపిసోడ్లకి, సీరియల్ ముగిసింది. 2025లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు తులసిగా స్మృతి, మిహిర్‌గా అమర్ ఉపాధ్యాయ్ తప్ప వేరే ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఇంకో దారి కూడా ఉంది, నటి రాకపోయినా పాత్రని అలాగే ఉంచేయడం. 'తారక్ మెహతా కా ఉల్టా చష్మా'లో దయాబెన్‌గా వేసే దిశా వకానీ 2017లో ప్రసూతి సెలవు మీద వెళ్లింది. ఏళ్లు గడిచినా ఆ పాత్రలోకి ఎవర్నీ తీసుకోలేదు. కథలో దయ ఇంకా పుట్టింటి దగ్గరే ఉంది.

ఈ చిక్కుముడిని అందరికంటే తెలివిగా విప్పింది బీబీసీ అని నా అభిప్రాయం. 1963లో మొదలైన 'డాక్టర్ హూ'లో హీరో విలియం హార్ట్‌నెల్‌కి మూడేళ్లయ్యేసరికి ఆరోగ్యం సహకరించలేదు. డైలాగులు గుర్తుండేవి కావు. హీరో వేరే గ్రహం మనిషే కదా, ఒళ్లు పాడైతే కొత్త ఒళ్లు తెచ్చుకుంటాడు అన్నారు. 1966 అక్టోబరు 29న హార్ట్‌నెల్ నేల మీద పడుకుంటే లేవాల్సిన మనిషి ప్యాట్రిక్ ట్రౌటన్ అయ్యాడు. ట్రౌటన్ మూడేళ్లు చేసి మానేశాడు. తర్వాత ఆ పాత్ర వేసిన పీటర్ డేవిసన్‌కి, మూడేళ్లకి మించి ఉండకు అని ఆయనే సలహా ఇచ్చాడట. డేవిసన్ ఆ మాట పట్టుకుని 1984లో దిగిపోయాడు. అంతకుముందు టామ్ బేకర్ ఏకంగా ఏడేళ్లు ఉన్నాడు. వంటలక్కకి వేరే గ్రహం సౌకర్యం లేదు కాబట్టి ఆ ఉపాయం మనకి పనికిరాదు. కానీ నటుడు వెళ్లే రోజు వస్తుందని కథే ముందుగా ఒప్పుకోవడం, దానికి చోటు పెట్టుకోవడం మాత్రం చూడదగ్గది.

మన దగ్గర పద్ధతి వేరు. నటి మానేస్తే స్క్రీన్ కింద 'ఇకపై ఈ పాత్రలో' అని ఓ పట్టీ వేస్తారు, మర్నాటి నుంచి కథ సాగిపోతుంది. ఇది తేలిగ్గా జరగడానికి ఒక కారణం డబ్బింగ్. తెలుగు సీరియల్ హీరోయిన్లలో చాలామంది కన్నడ, మలయాళం అమ్మాయిలు. గొంతు వేరేవాళ్లది కనుక మనిషి మారినా గొంతు అదే ఉండొచ్చు, వంటింట్లోంచి వినేవాళ్లకి తేడా తెలియదు. పైగా సోమవారం నుంచి శనివారం దాకా ప్రసారం అంటే నెలకి పాతిక ఎపిసోడ్లు కావాలి. హీరోయిన్‌కి జ్వరమొస్తే కథలో ఆమె ఊరెళ్తుంది. కాల్షీట్లు కుదరకపోతే కిడ్నాప్ అవుతుంది. గురువారం టీఆర్పీ వస్తే ఆ కిడ్నాప్ ఇంకో వారం ఉండాలా వద్దా అన్నది తేలుతుంది. ఇంత టెన్షన్‌లో 'ఎప్పుడు వెళ్లాలి' అని నటి కూర్చుని ఆలోచించుకునే వీలెక్కడిది?

ఇక్కడే నాకు ఆసక్తిగా అనిపించే సంగతి ఒకటుంది. 'కార్తీకదీపం' మలయాళంలో ఏషియానెట్ సీరియల్ 'కరుత్తముత్తు'కి రీమేక్. 2014లో మొదలైన ఆ సీరియల్లోనూ మొదట హీరోయిన్ మన వంటలక్కగా వేసిన ప్రేమి విశ్వనాథే. అక్కడా ఆమెకి నల్లటి మేకప్పే వేశారు. నల్లగా ఉన్న అమ్మాయి పడే అవమానాల కథకి ఆ రంగుని మేకప్ డబ్బాలోంచి తేవడం గురించి విడిగా రాయొచ్చు. అక్కడ ఆమె మధ్యలోనే ఆ పాత్ర నుంచి బయటికొచ్చింది, రేణు సౌందర్ వచ్చింది. సీరియల్ 2019 దాకా నడిచింది.

కథ ఒకటే, నటి ఒకరే. అక్కడ ఆమె లేకుండా బండి నడిచింది, ఇక్కడ నడవలేదు. నాకు కనిపించే తేడా సమయం. మలయాళంలో పాత్ర ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే మొహం మారింది. తెలుగులో 2017 అక్టోబరు నుంచి నాలుగేళ్లకు పైగా రాత్రి ఏడున్నరకి ఒకే మొహం. మధ్యలో లాక్‌డౌన్ వచ్చింది, బయటికెళ్లే పని లేదు. 2020లో ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌లు కూడా ఏడున్నరకే మొదలైతే, ఒకే టీవీ ఉన్న ఇళ్లలో రిమోట్ ఎవరికన్నది జోకుగా మారింది. ఆపాటికి దీప పేరు పలికేవాళ్లే తక్కువ, అందరికీ వంటలక్కే.

మరి ఆమె ఎప్పుడు వెళ్లాల్సింది? నా లెక్కలో, డాక్టర్ బాబుకి నిజం తెలిసిన రోజున. ఈ కథ నిలబడిందే ఒక్క ప్రశ్న మీద, ఆ పిల్లలు తనవాళ్లేనని అతను ఎప్పుడు నమ్ముతాడు అని. డాక్టరై ఉండి డీఎన్‌ఏ టెస్ట్ ఎందుకు చేయించడని ఊరంతా నవ్వింది, నవ్వుతూనే చూసింది. ఆ ముడి విడిపోయాక నటీనటులు దండం పెట్టి వెళ్లిపోతే ఎవరూ ఏడ్చేవారు కాదు. కానీ అంత రేటింగ్ ఉన్న స్లాట్‌ని ఏ చానలూ చేతులారా వదులుకోదు. మోనితతో ఇంకో ట్రాక్, ఆపైన ఇంకో ట్రాక్, చివరికి ఆ కారు. అంటే వాళ్లని ఆలస్యంగా పంపించారు, పంపించిన తీరు కూడా తప్పే.

2024 మార్చిలో స్టార్ మాలో 'కార్తీకదీపం' రెండో భాగం మొదలైంది. దీపగా ప్రేమి విశ్వనాథ్, కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల. పేర్లు అవే, మొహాలు అవే, కథ మాత్రం పూర్తిగా కొత్తది. మొదటి రోజు పక్కింటావిడని అడిగాను, వీళ్లు భార్యాభర్తలు కదా, ఇప్పుడు ఒకరికొకరు తెలియనట్టున్నారేంటని.

"అది ఆ జన్మలే" అని, సౌండ్ పెంచమంది.