హార్మోన్ల గురించి ఓపీలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో హార్మోన్ల డాక్టరుగా నేను రోజూ వినే మాట, "నాకు థైరాయిడ్ ఉంది సార్." థైరాయిడ్ అందరికీ ఉంటుంది. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండి, హార్మోన్ అంటే రక్తంలో కబురు మోసే రసాయనం తయారుచేసే గ్రంథి అది. దాని పని తగ్గితే ఒక జబ్బు, పెరిగితే ఇంకో జబ్బు. ఒకదానికి వాడే మందు రెండోదానికి పనికిరాదు. పక్కింటావిడ మాత్ర అడిగి వేసుకోకండి.

అపోహ: హార్మోన్ ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి అన్నిచోట్లా ఒకే పని చేస్తుంది.

వాస్తవం: బస్టాండులో మదనపల్లె బస్సు వచ్చిందని మైకులో చెబితే అందరికీ వినబడుతుంది. సంచి తీసుకుని లేచేది మదనపల్లె వెళ్లేవాళ్లే. హార్మోన్ కూడా రక్తంలో కలిసి అంతటా తిరుగుతుంది, కానీ దాన్ని అందుకునే రిసెప్టర్ ఉన్న కణమే స్పందిస్తుంది. అదీ ఒక్కో కణం ఒక్కో తీరుగా. కుక్క వెంటపడితే అడ్రినలిన్ అనే హార్మోన్ గుండె వేగం పెంచుతుంది, పేగుల కదలిక తగ్గిస్తుంది. అది కణం లోపలికి పోదు. గడప బయటే నిలబడి కబురు చెబితే, లోపల కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న రసాయనం తయారై, ఆ కబురు అందుకుని పని మొదలుపెడుతుంది. ఈ సంగతి బయటపెట్టిన అమెరికా శాస్త్రవేత్త సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. ఆ ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆయన పేరు తలుచుకుంటాను.

అపోహ: షుగర్ వచ్చిందంటే ఒంట్లో ఇన్సులిన్ అయిపోయినట్టే.

వాస్తవం: టైప్ 2 షుగర్ మొదట్లో చాలామందిలో ఇన్సులిన్ మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. రక్తంలోని చక్కెరను తీసుకోమని అది చెప్పినా కణాలే సరిగా వినవు. వినిపించడానికి క్లోమం ఇంకా ఇంకా తయారుచేసి, ఏళ్లు గడిచాక అలిసిపోతుంది. నడవమని అంత గట్టిగా చెప్పేది ఇందుకే: పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ చెప్పకపోయినా చక్కెరను తీసుకుంటుంది. అయితే ఇన్సులిన్ వేసుకునేవాళ్లు అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు జాగ్రత్త. 3,550 మెట్లు, దారి మధ్యలో షుగర్ పడిపోవచ్చు. ముందురోజే డాక్టరుతో డోసు మాట్లాడుకుని, జేబులో గ్లూకోజ్ పెట్టుకోండి.

ఇన్సులిన్‌ను మాత్రగా ఇవ్వరాదా అని అడుగుతారు. అది 51 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మింగితే కడుపు దాన్ని పప్పులాగే అరిగించేస్తుంది.

అపోహ: కొలెస్ట్రాల్ అంటేనే విషం.

వాస్తవం: కార్టిసాల్, ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ అనే హార్మోన్లన్నీ దాని నుంచే తయారవుతాయి. ఇవి కణం లోపలికే వెళ్లి జన్యువుల పనినే మారుస్తాయి. అందుకే వీటి ప్రభావం మెల్లగా మొదలై చాలాసేపు నిలుస్తుంది.

అపోహ: స్టెరాయిడ్ చెడ్డది, వెంటనే ఆపేయాలి.

వాస్తవం: ఈ ఒక్క మాట ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడ స్టెరాయిడ్ అంటే ఒంట్లోని కార్టిసాల్‌లాగే పనిచేసే మందు. పాకాల వైపు నుంచి ఒక పెద్దాయనను ఆటోలో తెచ్చారు. "మా నాయనకు నిలబడేదానికే కావడంలేదు సార్" అంది కూతురు. వాంతులు, బీపీ బాగా పడిపోయింది. ముఖం చూస్తే గుండ్రంగా ఉబ్బి ఉంది, చేతుల మీద చర్మం పల్చబడి ఊదారంగు మచ్చలు. ఏం మందులు వాడారమ్మా అంటే కొంగుముడి విప్పింది. పాత పేపరులో మడిచిన పొట్లాలు, తెల్లటి పొడి. మోకాళ్ల నొప్పులకు ఎనిమిది నెలలుగా తింటున్నాడట. అందులో స్టెరాయిడ్ ఉంటుందని ఎవరో భయపెడితే నాలుగు రోజుల కిందట ఒక్కసారిగా మానేశాడు.

బయటి నుంచి స్టెరాయిడ్ నెలల తరబడి అందుతుంటే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, కార్టిసాల్ తయారుచేసే కిడ్నీల మీది అడ్రినల్ గ్రంథులకు కబురు పంపడం మానేస్తుంది. అవి ముడుచుకుపోతాయి. మందు హఠాత్తుగా ఆగితే ఒంట్లో కార్టిసాల్ చాలదు. రక్తపరీక్షకు శాంపిల్ తీసి, ఫలితం కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో ఉన్న కార్టిసాల్), సెలైన్ ఎక్కించాం. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. ఆయన గ్రంథులు మళ్లీ దారిలో పడడానికి నెలలు పట్టింది, అప్పటిదాకా డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాం.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పేరులేని పొడి తింటుంటే మీరే ఆపించకండి. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొట్లం కూడా తీసుకెళ్లండి.