క్లబ్బు మెంబర్లకి డిస్కౌంట్ ఇవ్వాలా? చిన్న సర్వీసు వ్యాపారంలో అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఏసీ, ఫ్రిజ్ సర్వీసు నడుపుతున్నాను. పొద్దున వాకర్స్ క్లబ్బు, వారానికోసారి రోటరీ మీటింగు. ఈ ఊళ్ళో చిన్న వ్యాపారం చేసేవాళ్ళలో చాలామందికి ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది: లయన్స్, వాసవీ క్లబ్, షటిల్ బ్యాచ్, కాలనీ సంఘం. పరిచయమైన వారం తిరక్కుండానే ఒక మాట వస్తుంది: "మనోళ్ళమే కదండీ, మన రేటు చెప్పండి."

ప్లంబర్, ఎలక్ట్రీషియన్, ఫోటోగ్రాఫర్, ట్యాక్స్ కన్సల్టెంట్, అందరికీ ఇదే టెన్షన్. ఇస్తే గిట్టుబాటు కాదు, ఇవ్వకపోతే రేపు పొద్దున గ్రౌండ్‌లో ముఖం చెల్లదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెంబరు అన్న ఒక్క కారణంతో రేటు తగ్గించకూడదు. ఏదైనా పనిలో మనకి నిజంగా ఖర్చు తగ్గితే, తగ్గినదాంట్లో వాటా ఎవరికైనా ఇవ్వొచ్చు, క్లబ్బు వాళ్ళకీ ఇవ్వొచ్చు. ఈ రెండూ ఒకటి కాదన్నది తెలియకే వ్యాపారాలు నలిగిపోతున్నాయి.

అపోహ: "వందా నూటయాభై తగ్గిస్తే మీకేం పోతుంది?"

వాస్తవం: కాగితం మీద వేసి చూడండి. స్ప్లిట్ ఏసీ వాటర్ సర్వీసుకి 700 రూపాయలు తీసుకుంటున్నారనుకుందాం. టెక్నీషియన్, హెల్పర్ జీతాల్లో ఆ పనికి పడే వంతు 280, పెట్రోలు 60, కెమికల్, జెట్ పంపు అరుగుదల కలిపి 40, షాపు అద్దె, కరెంటు, ఫోను, కంప్లైంట్ వస్తే మళ్ళీ వెళ్ళే ఖర్చు 120. మొత్తం 500. చేతిలో మిగిలేది 200. ఇరవై శాతం డిస్కౌంట్ అంటే 140. అడిగినవాళ్ళకి అది బిల్లులో ఐదో వంతు. ఇచ్చినవాళ్ళకి లాభంలో పదింట ఏడు వంతులు. మిగిలిన 60తో పాత 200 రావాలంటే ఒక్క ఏసీ బదులు మూడు పైచిలుకు చేయాలి. ఎండాకాలంలో ఒక టీము రోజుకి ఐదారు ఏసీలకి మించి శుభ్రంగా చేయలేదు. కాబట్టి "ఎక్కువ పని వస్తుంది కదా" అన్న లెక్క మే నెలలో అసలు పనిచేయదు. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ వేసి చూస్తే దాదాపు ఇదే తేలుతుంది.

కోత ఎక్కడ పడుతుందో తెలియాలంటే పని జరిగేచోట నిలబడాలి. సరైన సర్వీసు అంటే ఇండోర్ యూనిట్ కింద కవరు కట్టి, ఫిల్టర్లు తీసి, పీసీబీ (ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) మీద నీళ్ళు పడకుండా ప్లాస్టిక్ కప్పి, అప్పుడు కాయిల్ కడగాలి. బ్లోయర్ రెక్కల మధ్య పేరుకున్న నల్లటి మడ్డి పోయేదాకా, బకెట్లో పడే నీళ్ళు తేటపడేదాకా జెట్ పట్టాలి. డ్రెయిన్ ట్రేలో జిగురు తీసి పైపు ఊదాలి. ఆ తర్వాత డాబా ఎక్కి అవుట్‌డోర్ కాయిల్ కడగాలి, చివర్లో మెషిన్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడాలి. గంట పైనే పడుతుంది. తొందరలో ఉన్న కుర్రాడు ఫిల్టర్లు, కాయిల్ పైపైన కడిగి అరగంటలో దిగిపోతాడు. ఆ పూటకి గాలి చల్లగానే వస్తుంది, ఇంట్లో వాళ్ళకి తేడా కనపడదు. రెండు వారాలకి డ్రెయిన్ జామై నీళ్ళు మంచం మీద కారతాయి. మళ్ళీ వెళ్ళాలి, ఈసారి పైసా రాదు.

కుర్రాడు ఎందుకు తొందరపడతాడు? చాలా షాపుల్లో బిల్లు మీద ఇన్సెంటివ్ ఉంటుంది. ఓనరు డిస్కౌంట్ ఇచ్చినప్పుడల్లా కుర్రాడి డబ్బులు తగ్గుతాయి. బండి తీసేముందు "సార్, ఇది క్లబ్బు ఇల్లా?" అని అడిగి మరీ వెళ్ళే టెక్నీషియన్లు ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. ఓనరుగారి పరిచయాలకి మూల్యం కట్టాల్సింది టెక్నీషియన్ కాదు. ఎప్పుడైనా రేటు తగ్గించక తప్పకపోతే ఇన్సెంటివ్ మాత్రం పూర్తి రేటు మీదే లెక్కకట్టండి. ఇది నేను గట్టిగా పట్టుకునే విషయం.

అపోహ: "క్లబ్బులు పుట్టిందే ఒకరికొకరు వ్యాపారంలో కలిసిరావడానికి"

వాస్తవం: సగం నిజం. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి మొదలుపెట్టినప్పుడు రోటరీ అలాంటిదే. ఆ నలుగురిలో ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజినీరు, ఒకాయన దర్జీ. 1906 నియమావళిలో మొదటి ఉద్దేశం సభ్యుల వ్యాపార ప్రయోజనాలే. ఎవరు ఎవరికి ఎంత వ్యాపారం ఇచ్చారో రాసిపెట్టడానికి ఒక సభ్యుడిని కూడా నియమించుకున్నారు. అయితే మన లాభం మనమే చూసుకుంటే క్లబ్బు ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న ఆ ఏడాదే లేచింది, ఊరికి ఉపయోగపడే పని ఉద్దేశాల్లో చేరింది. లెక్కలు రాసే పద్ధతి తర్వాత పోయింది. 1989లో రోటరీ తన సభ్యుల కోసం చేసుకున్న వృత్తి ప్రకటన మరీ స్పష్టం: మామూలుగా ఇతరులకి ఇవ్వని వెసులుబాటుని తోటి రొటేరియన్ దగ్గర కోరవద్దు, తోటి రొటేరియన్‌కి ఇవ్వవద్దు. కోరవద్దు అనడంతో ఆగలేదు, ఇవ్వవద్దు అని కూడా రాసుకున్నారు. డిస్కౌంట్ అడిగే రొటేరియన్ మిత్రులకి నేను ఈ వాక్యమే చెబుతాను. ఎవరూ నొచ్చుకోలేదు, చాలామంది మొదటిసారి వింటున్నామన్నారు.

లయన్స్ కూడా అంతే. 1917లో డల్లాస్‌లో జరిగిన మొదటి మహాసభలోనే సభ్యుల ఆర్థిక లాభాన్ని ఏ క్లబ్బూ తన లక్ష్యంగా చూపించకూడదని తీర్మానించుకున్నారు. 1985లో మొదలైన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) లాంటివి పూర్తిగా వ్యాపారం కోసమే ఉన్నాయి, నిజమే. అక్కడ చేతులు మారేది రెఫరల్, అంటే ఒకరికొకరు కస్టమర్లని పంపుకోవడం, రేటులో కోత కాదు.

అపోహ: "డిస్కౌంట్ ఇస్తే పదిమందికి చెబుతారు, పని దానంతటదే వస్తుంది"

వాస్తవం: చెబుతారు. ఏం చెబుతారో వినండి: "నాకు 550కే చేశాడు, నా పేరు చెప్పు." వచ్చే కొత్త కస్టమరు మన పని గురించి విని రావడం లేదు, రేటు విని వస్తున్నాడు. మెంబరు కూడా కాని మనిషి మెంబరు రేటుతో లోపలికొస్తాడు, 700 అనగానే మోసపోయినట్టు మొహం పెడతాడు. నెల తిరిగేసరికి ఆ కాలనీలో మన రేటు 550 అయిపోతుంది. "డ్రెయిన్ పైపుతో సహా కడిగారు, వెళ్ళేముందు ఇల్లు తుడిచిపెట్టారు" అని చెప్పి పంపేవాళ్ళు పూర్తి డబ్బులిచ్చినవాళ్ళే ఎక్కువగా ఉంటారు.

అపోహ: "తోటివాళ్ళకి ఆ మాత్రం సాయం చేయకపోతే ఎలా?"

వాస్తవం: సాయం అనే మాటని సరిగ్గా వాడదాం. మా క్లబ్బుల్లో ఉన్నవాళ్ళు ఎవరు? డాక్టర్లు, బిల్డర్లు, రిటైరైన ఆఫీసర్లు. మూడు బెడ్రూముల్లో మూడు ఏసీలు. పటమటలో ఒకే గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న విండో ఏసీ వాడే టైలర్‌కి ఏ క్లబ్బూ లేదు. ఆయన పూర్తి రేటు ఇస్తాడు. మూడు ఏసీల ఇంటికి తగ్గించిన డబ్బులు షాపు అద్దెలోనో జీతాల్లోనో మళ్ళీ పూడ్చుకోవాలి. పూడ్చేది ఎవరు? ఆ టైలర్ లాంటివాళ్ళే. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. రోటరీలో మేం చెప్పుకునే నాలుగు ప్రశ్నల పరీక్ష 1932లో హెర్బర్ట్ టేలర్ రాసింది, మునిగిపోయే స్థితిలో ఉన్న ఒక అల్యూమినియం వంటపాత్రల కంపెనీని నిలబెట్టే పనిలో ఉండగా. అందులో రెండో ప్రశ్న, సంబంధం ఉన్న అందరికీ ఇది న్యాయమేనా అని. ఆ 'అందరూ' క్లబ్బు గోడల లోపలి వాళ్ళేనని నేను అనుకోను.

సాయం చేయాలనిపిస్తే అవసరం చూసి చేయండి. ఒంటరిగా ఉండే పెద్దావిడ, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పేషెంటు, అనాథాశ్రమంలో ఫ్రిజ్. అక్కడ సగం సగం వద్దు, పూర్తిగా ఉచితంగా చేయండి. బిల్లు రాసి 700 వేసి, మొత్తం తగ్గింపు చూపించి సున్నా చేయండి. ఏడాది చివర ఎంత ఇచ్చారో మీకూ తెలుస్తుంది.

అపోహ: "రేటు దగ్గర పట్టుబడితే స్నేహం చెడుతుంది"

వాస్తవం: చెడేది రేటు చెప్పనప్పుడు. "చూసి వేద్దాంలెండి, మనలో మనకి లెక్కలేంటి" అని మొదలైన పనుల్లోనే చివర్లో మాటలు పడతాయి. ఒకరికి వంద, ఇంకొకరికి రెండొందలు తగ్గిస్తే వాకింగ్ అయ్యాక టీ దగ్గర ఆ రెండు అంకెలూ పక్కపక్కన నిలబడతాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. తక్కువకి చేయించుకున్న మనిషి పని బాగోకపోయినా మొహమాటంతో మనకి చెప్పడు. మనసులో పెట్టుకుని తర్వాతి ఏడాది వేరే వాణ్ణి పిలుస్తాడు. పూర్తి డబ్బులిచ్చినవాడైతే ఫోన్ చేసి నిలదీస్తాడు, మనం వెళ్ళి సరిచేస్తాం, కస్టమరు నిలబడతాడు. డాక్టరుగారు ఫీజు తీసుకోరని మనం ఆయన ఏసీ ఊరికే చేసిపెట్టే పద్ధతిలోనూ ఇదే జరుగుతుంది. ఫీజు తీసుకోని డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్ళాలంటే కాళ్ళు రావు. ఎవరి ఫీజు వాళ్ళు తీసుకుంటే ఇద్దరికీ దర్జాగా ఉంటుంది.

చెప్పే పద్ధతి ఒకటుంది. రేట్లు ఫిబ్రవరిలోనే క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి, అందరికీ అవే. ఎవరైనా అడిగితే "అన్నా, రేటు అందరికీ ఒకటే. పని చూసి తృప్తిగా లేకపోతే నాకే ఫోన్ చేయండి, నేనే వస్తాను" అంటే చాలు. సంజాయిషీలు మొదలుపెడితే బేరం మొదలైనట్టే.

అపోహ: "సరే, రేటు వద్దు. మా ఇంటికి ముందు పంపండి"

వాస్తవం: ఇది డిస్కౌంట్ కంటే పెద్ద కోరిక. రోహిణి కార్తెలో నాలుగు రోజుల వెయిటింగ్ నడుస్తున్నప్పుడు వరుస తప్పిస్తే, ఆ రోజు ఎండలో ఆగిపోయేది పసిపిల్ల ఉన్న ఇల్లు కావచ్చు. మెంబర్లకి నేను ధారాళంగా ఇచ్చేది ఫోన్‌లో సలహా. కూలింగ్ లేదన్న ఫోన్లలో కొన్ని రిమోట్ ఫ్యాన్ మోడ్‌లో ఉండిపోవడం వల్లే వస్తాయి. ఫిల్టరు కడిగి పెట్టండి, ఎంసీబీ (కరెంటు బోర్డులో తనంతట తానే పడిపోయే స్విచ్చు) పడిందేమో చూడండి, అవుట్‌డోర్ ఫ్యాను తిరుగుతోందా చెప్పండి అంటే విజిట్ ఛార్జీ లేకుండానే తేలిపోతుంది.

అపోహ: "బిల్లు లేకుండా చేసేయండి, అదే డిస్కౌంట్"

వాస్తవం: జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి సర్వీసు మీద 18 శాతం పన్ను. అది వ్యాపారి సొమ్ము కాదు, తగ్గించి ఇవ్వడానికి. నిజంగా డిస్కౌంట్ ఇస్తున్నప్పుడు బిల్లులోనే చూపించాలి: 700లో 100 తగ్గిస్తే 600, దాని మీద 108, మొత్తం 708. అప్పుడు తగ్గించిన వందకి పన్ను పడదు. ఏడాది టర్నోవరు 20 లక్షల లోపు ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోని సర్వీసు వాళ్ళు పన్ను వసూలు చేయకూడదు, కానీ బిల్లు మాత్రం ఇవ్వండి. గ్యాస్ నింపిన నెలకే లీకైతే వారంటీకి మీ ఇద్దరి మధ్యా సాక్ష్యం ఆ కాగితమే.

అపోహ: "స్పేర్ల మీదైనా తగ్గించండి"

వాస్తవం: కెపాసిటర్, పీసీబీ డీలర్ దగ్గర డబ్బులు పెట్టి కొన్నవి. అక్కడ కోస్తే తర్వాతి మెట్టు డూప్లికేట్ స్పేరే.

అపోహ: "ముందు పెంచి చెప్పి తర్వాత తగ్గిస్తే అందరూ హ్యాపీ"

వాస్తవం: అబద్ధం చెప్పి స్నేహం నిలబెట్టుకోవడం ఇది. పక్కింటి బిల్లు చూసిన రోజు రెండూ పోతాయి.

అపోహ: "అయితే డిస్కౌంట్ అనేదే ఉండకూడదు"

వాస్తవం: అదీ కాదు. శీతాకాలంలో మనుషులు ఖాళీగా కూర్చుంటారు, జీతాలు ఎలాగూ ఇవ్వాలి. జనవరి, ఫిబ్రవరిలో చేయించుకునేవాళ్ళకి వంద తగ్గించినా మనకి లాభమే, ఏప్రిల్ ఒత్తిడి కూడా తగ్గుతుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఇళ్ళ వాళ్ళు కలిసి ఒకే రోజు చేయించుకుంటే మూడు ట్రిప్పుల పెట్రోలు, ట్రాఫిక్‌లో పోయే టైము మిగులుతాయి. అందులో వాటా ఇవ్వడం న్యాయం. ఏడాది కాంట్రాక్టు డబ్బులు ముందే కట్టేవాళ్ళకీ అంతే. క్లబ్బు మిత్రులు డిస్కౌంట్ అడిగితే నేనిచ్చే జవాబు ఇదే: "ఫిబ్రవరిలో ఐదుగురు కలిసి ఒకే వారం బుక్ చేసుకోండి, ఈ రేటు వస్తుంది." అదే రేటు షటిల్ బ్యాచ్‌కీ, కాలనీ సంఘానికీ, ఏ సంఘమూ లేని ఐదు ఇళ్ళకీ.

అపోహ: "ఇన్నాళ్ళూ ఇచ్చి ఇప్పుడు ఆపితే బాగోదు"

వాస్తవం: సీజన్ మధ్యలో ఆపితే నిజంగానే బాగోదు. ఇప్పటికే మాట ఇచ్చిన కాంట్రాక్టులు గడువు తీరేదాకా పాత రేటుకే చేయండి. కొత్త రేట్లు ఫలానా తేదీ నుంచి అని నెల ముందే రాతపూర్వకంగా చెప్పండి, చాటుగా ఒక్కొక్కరికీ కాదు, అందరికీ ఒకేసారి. ఆ మెసేజ్‌లోనే సర్వీసులో ఏమేం చేస్తారో రాయండి: బ్లోయర్, డ్రెయిన్, అవుట్‌డోర్, ఆంపియర్ల చెకింగ్. కొందరు కస్టమర్లు తగ్గుతారు. మిగిలినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళే కుర్రాడికి గంట పైన సమయం దొరుకుతుంది.